ఆయన అడగలేదు కదా!

ప్రశ్న: మాస్టారు గారూ, మాది మద్దిలపాలెం. వయసు 31. వారమంతా ప్రైవేటు ఉద్యోగం, శని ఆదివారాల్లో పెళ్లి రిసెప్షన్లలోనూ హోటళ్లలోనూ గిటారు వాయిస్తాను. ఆరేళ్ల క్రితం ఒక విదేశీ సైటులో గిబ్సన్ కంపెనీ పేరున్న లెస్ పాల్ మోడలు ఎలక్ట్రిక్ గిటారు తెప్పించుకున్నాను. అన్ని ఖర్చులూ కలిపి 24,000 రూపాయలు అయింది. అసలుది లక్షల్లో ఉంటుంది కనుక ఇది నకలని తెలిసే కొన్నాను. గిటారు తల మీద, అంటే తీగలు బిగించే కొస మీద, మాత్రం గిబ్సన్ అనే ఉంది. వెనక అమెరికాలో తయారైనట్టు ముద్ర, వరస సంఖ్య కూడా ఉన్నాయి. ఎంత పకడ్బందీగా చేశారో మీరే చూడండని ఫొటోలు జతచేస్తున్నాను. స్టేజీ మీద చూసినవాళ్లు మెచ్చుకుంటారు. అసలుదని నేనెప్పుడూ చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు. ఇప్పుడు మాకు రెండో బిడ్డ పుట్టబోతోంది, డబ్బు అవసరం. అమ్ముతానని ఇవే ఫొటోలు పెడితే గాజువాక నుంచి ఒక పెద్దాయన ఫోను చేశారు. కొడుకు ఇంజినీరింగులో చేరాడట, వాడికి బహుమతిగా ఇస్తారట, 70,000 ఇస్తానన్నారు. 'అసలుదేనా' అని ఆయన అడగలేదు. 'బాగా పలుకుతుందా' అన్నారు. పలుకుతుందన్నాను, అది నిజమే. అడగని ప్రశ్నకు జవాబు చెప్పనక్కర లేదని మా బ్యాండు మిత్రుడు అంటాడు. 1970లలో జపాను వాళ్లు చేసిన నకళ్లకు ఇప్పుడు ఎంత గిరాకీ ఉందో చూడమంటాడు. నకలని చెప్పి ఇరవై వేలకు ఇచ్చెయ్యమని మా ఆవిడ అంటుంది. ఎవరి మాట వినాలి? అసలు ఇన్నాళ్లూ దాన్ని దగ్గర ఉంచుకోవడమే తప్పంటారా?
ఒక పాఠకుడు

సమాధానం:

మీ ఆవిడ మాట వినండి. ముప్పావు వంతు. మిగతా పావు దగ్గర ఆవిడతో నాకు చిన్న పేచీ ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం.

'ఆయన అడగలేదు' అని రాశారు. ఎందుకు అడుగుతారండీ? మీరు పెట్టిన ఫొటోలో గిటారు తల మీద ముత్యపు చిప్ప రంగులో పేరు మెరుస్తోంది. గుమ్మం పక్కన పేరు రాసిన పలక ఉంటే ఇది ఫలానా వారి ఇల్లేనా అని వీధిలో నిలబడి ఎవరూ అడగరు, నేరుగా గంట నొక్కుతారు. ఆయన కూడా గంట నొక్కారు. పైగా, పరిచయం లేని మనిషిని పట్టుకొని నీ వస్తువు అసలుదేనా అని అడగడం మర్యాద కాదనుకునే తరం ఆయనది కావచ్చు. ఆ మొహమాటం మీకు ఇప్పుడు 46,000 రూపాయలు సంపాదించి పెట్టబోతోంది.

ఆ 46,000 లెక్క ఎలా వచ్చిందో మీకు తెలుసు. 24,000కు కొన్న వస్తువు ఆరేళ్లు పెళ్లి పందిళ్లలో తిరిగి, గీతలు పడి, 70,000 అయింది. చెక్క పెరగలేదు, తీగల ధ్వనిని పట్టే పికప్‌లు మారలేదు. పెరిగిన ప్రతి రూపాయీ ఆ ఆరు ఇంగ్లీషు అక్షరాలది. కొత్త లెస్ పాల్ స్టాండర్డ్ మన దగ్గర రెండు లక్షలు దాటుతుందని ఆయన ఎక్కడో చూసే ఉంటారు. వాడినది కదా, డెబ్బైకి వస్తే అదృష్టమే అనుకున్నారు. ఆ అంకె ఆయన నోటి నుంచి వచ్చినప్పుడే ప్రశ్న కూడా వచ్చింది. మీరు నిజం చెప్పకుండా ఊరుకున్నారు. అది జవాబు.

కురుపాం మార్కెట్లో ఒక నగల కొట్టువాడు గిల్టు గాజులు తూకం వేసి బంగారం ధర కట్టాడనుకోండి. ఇంటికెళ్లాక రంగు వెలిసింది. తిరిగి వెళితే 'మెరుస్తాయా అని అడిగారు, మెరుస్తాయన్నాను, బంగారమా అని మీరు అడగలేదు' అన్నాడు. అతనితో మీ మిత్రుడు ఎలా మాట్లాడతాడో వినాలని ఉంది.

గిల్టు మాట వచ్చింది కనుక మీ ఆఖరి ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్పేస్తాను. గిల్టు గొలుసు వేసుకొని పెళ్లికి వెళ్లినవాళ్లను ఎవరూ దొంగలనరు. దొంగల భయంతో అసలు నగలు లాకరులో పెట్టి గిల్టువి వేసుకొచ్చే శ్రీమంతులే బోలెడుమంది. ఆ గొలుసును కుదువ పెట్టి బంగారం మీద అప్పు తీసుకున్నారంటే మాత్రం కథ మారుతుంది. మీరు ఆరేళ్లు గిల్టు గొలుసు వేసుకొని తిరిగారు. కొంచెం వేషం ఉంది అందులో, కాదనను. ఎవరైనా 'గిబ్సనా, అబ్బో' అన్నప్పుడు మీరు నవ్వి ఊరుకున్న ఆ నవ్వు ఉంది చూశారూ, దాని గురించి మీకే తెలియాలి. కానీ ఆ చెక్కతో మీరు పాటలు వాయించారు, జనం విన్నారు, వాళ్లు విన్న సంగీతంలో నకలేమీ లేదు. నకలు గిటారును సుత్తితో పగలగొట్టాలనే శుద్ధవాదులున్నారు. నేను వాళ్లలో లేను. చెట్టు ఎప్పుడో కొట్టేశారు, వాయిద్యం పలుకుతోంది, ఉండనివ్వండి.

చట్టం కూడా దాదాపు ఇలాగే గీత గీసింది. మన 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలో 104వ సెక్షను తప్పుడు గుర్తు వేసిన సరుకు అమ్మడం, అమ్మకానికి పెట్టడం, అమ్మడానికి దగ్గర ఉంచుకోవడం నేరాలంటుంది. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. వాయించుకోవడానికి ఇంట్లో ఉంచుకోవడం ఆ వాక్యంలో లేదు. అంటే ఆరేళ్లు దాటకుండా ఉన్న గీతను, ఫొటోలు పెట్టిన రోజు మీరు దాటారు. మోసపూరితంగా అమ్మితే వర్తించే పాత నాలుగు వందల ఇరవై ఎలాగూ ఉంది, భారతీయ న్యాయ సంహితలో దాని సంఖ్య 318కి మారింది, అంతే. ఒక గిటారు కోసం పోలీసులు మద్దిలపాలెం వస్తారని భయపెట్టడం లేదు. రాకపోవచ్చు. నాకు ఆ పెద్దాయన గురించే బెంగ, అంతకంటే ఎక్కువగా ఆయన కొడుకు గురించి.

ఎందుకంటే ఆ అబ్బాయికి నిజం తెలియడానికి ఎన్నాళ్లో పట్టదు. మీరు పకడ్బందీ అన్న వరస సంఖ్యనే తీసుకుందాం. గిబ్సన్ వాళ్లు 1977 నుంచి 2005 దాకా మామూలు మోడళ్ల మీద ఎనిమిది అంకెల సంఖ్య కొట్టేవారు. మొదటి అంకె, అయిదో అంకె కలిపి చదివితే సంవత్సరం వస్తుంది. వాటి మధ్యనున్న మూడు అంకెలు ఆ సంవత్సరంలో ఎన్నో రోజో చెబుతాయి. 032 అని ఉంటే ఫిబ్రవరి 1న ముద్ర పడిందన్న మాట. మీ గిటారు మీద కూడా ఎనిమిది అంకెలే ఉన్నాయి. మధ్యలో ఆ మూడు అంకెలు 512. సంవత్సరానికి 512 రోజులున్న దేశంలో తయారైంది కాబోలు.

ఇంకోటి. తల మొదట్లో గంట ఆకారంలో చిన్న నల్ల మూత ఉంటుంది, మెడలోపలి ఇనుప కడ్డీని బిగించే చోటును కప్పుతుంది. అసలు గిబ్సన్‌లో ఆ మూతకు రెండు స్క్రూలుంటాయి. మీ ఫొటోలో మూడు లెక్కపెట్టాను. వాయించేవాళ్లు ఈ సరుకుకు 'చిబ్సన్' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు, చైనా, గిబ్సన్ కలిపి. ఇవన్నీ తెలుసుకోవడానికి ఇంజినీరింగు కుర్రవాడికి ఒక సాయంత్రం చాలు. హాస్టలు గదిలో ఇంకో గిటారు కుర్రవాడు ఉంటే అరగంట.

తెలిశాక వాడు ఏం చేస్తాడు? తండ్రికి చెబుతాడని మీరనుకుంటున్నారా? 70,000 పోసి, సంబరంగా మోసుకొచ్చి ఇచ్చిన నాన్నతో 'ఇది దొంగ సరుకు' అనగలిగే పిల్లలు తక్కువ. గుటక మింగి ఊరుకుంటాడు. నలుగురిలో ఎవరైనా అడిగితే అసలుదే అంటాడు, నాన్న పరువు కోసం. కొన్నాళ్లకు వాడికీ డబ్బు అవసరమై అమ్మకానికి పెడతాడు. అప్పటికి వాడికి కూడా ఒక మిత్రుడు ఉంటాడు, అడగని దానికి చెప్పనక్కర లేదనేవాడు.

నేను ఇలాంటి గొలుసులో ఒక కొక్కెంగా ఉన్నాను కాబట్టి ఈ సంగతి తెలుసు. కొన్నేళ్ల క్రితం మన ఊరి ఎగ్జిబిషన్‌లో ఒక స్టాలు దగ్గర, స్నేహితుడి గృహప్రవేశానికని చిన్న వీణ కొన్నాను. పెట్టె మీద 'బొబ్బిలి వీణ' అని ఉంది. ధర కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉంది. స్నేహితుడి అత్తగారిది బొబ్బిలి దగ్గరే. ఆవిడ వీణను చేతిలోకి తీసుకొని, వెనక్కి తిప్పి, అంచు వెంట వేలు పోనిచ్చారు. రెండు అచ్చులు కలిసిన చోట సన్నని అతుకు గీత ఉంది. బొబ్బిలి వీణను పనస దుంగ నుంచి ఒకే చెక్కగా తొలుస్తారు, ఏకాండి వీణ అంటారు దాన్ని, అతుకు ఉండడమే దానికి అవమానం. ఆవిడ ఒక్క మాట అనలేదు. వీణను నెమ్మదిగా షోకేసులో వెనక వరసలో పెట్టి, 'కాఫీ తీసుకుంటారా' అన్నారు. ఆ కాఫీ రుచి ఈనాటికీ గుర్తుంది. అబద్ధం ఆడింది ఆ స్టాలువాడు. ఆవిడ ముందు తల వంచుకున్నది నేను.

దీంట్లో ఒక సూక్ష్మం ఉంది. నాకు అమ్మిన వస్తువు వీణ ఆకారంలో ఉండడం తప్పు కాదు. వీణ ఆకారం ఎవరి సొత్తు? బొబ్బిలిలో చేస్తారు, నూజివీడులో చేస్తారు, తంజావూరులో చేస్తారు. అచ్చులో పోసి 'వీణ బొమ్మ' అని అమ్మితే పిల్లల కోసం నేనే ఒకటి కొనేవాడిని. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో తరతరాలుగా దుంగలు తొలిచే కుటుంబాల పేరును ఆ పెట్టె మీద అతికించడం దగ్గర తప్పు మొదలైంది. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది అందుకే. మన ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో ఇచ్చిందీ అందుకే. అంకుడు కర్రతో ఎవరైనా బొమ్మ చేసుకోవచ్చు, ఏటికొప్పాకది అనకూడదు.

గిటార్లలో కూడా ఈ తగాదా చాలా ఏళ్ల నుంచి నడుస్తోంది. లెస్ పాల్ 1952లో వచ్చింది, పోటీ కంపెనీ ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్ 1954లో. ఆ ఆకారాలను ఎవరెవరు ఎన్ని వేల సార్లు దించారో లెక్కలేదు. పాల్ రీడ్ స్మిత్ కంపెనీ గిటారు తమ లెస్ పాల్ ఆకారాన్ని పోలి ఉందని గిబ్సన్ కోర్టుకెక్కితే, 2005లో అమెరికా అప్పీలు కోర్టు గిబ్సన్ వాదనను తోసిపుచ్చింది. ఫెండర్ తన గిటార్ల ఒంటి ఆకారాలను ట్రేడ్ మార్కుగా నమోదు చేయమని అడిగితే, 2009లో అక్కడి ట్రేడ్ మార్కుల బోర్డు కుదరదంది. అందరూ వాడుతున్న ఆకారాన్ని చూసి జనం ఫలానా కంపెనీది అనుకోవడం లేదని దాని సారాంశం. ఆకారాల మీద వ్యాజ్యాలు ఆ తర్వాత కూడా ఆగలేదు, ఒక్కో కోర్టు ఒక్కో మాట చెప్పింది. పేరు విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు. వేరొకరి పేరు వేసుకోవచ్చని ఏ కోర్టూ అనలేదు.

మీ మిత్రుడి జపాను వాదన ఇక్కడే చీదేసింది. 1970లలో జపాను కంపెనీలు లెస్ పాల్‌ను మక్కీకి మక్కీ దించిన మాట నిజమే. 1977 జూన్‌లో గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, ఇబానెజ్ గిటార్లను అమెరికాలో అమ్మే ఎల్జర్ కంపెనీ మీద ఫిలడెల్ఫియాలో దావా వేసింది. అదీ తెరిచిన పుస్తకం అంచులా ఉండే తల ఆకారం కోసం. చివరికి కోర్టు బయట రాజీ పడ్డారు. అయితే ఆ గిటార్ల తల మీద ఏం రాసి ఉందో మీ మిత్రుణ్ని అడగండి. ఇబానెజ్, గ్రెకో, టోకై. తమ పేర్లు తామే వేసుకున్నారు. కొన్నవాడికి తాను ఏం కొంటున్నాడో తెలుసు. పని బాగుంది కనుక, ఆ పేర్లకే ఇప్పుడు గిరాకీ. మీ గిటారు చేసిన కార్మికుడు ఎవరో, ఊరేదో ఎవరికీ తెలియదు. బాగా చేసి ఉన్నా ఆ మెప్పు అతనికి దక్కే దారి లేదు. నకలు పేరు వల్ల కంపెనీ నష్టపోతుందని అందరూ అంటారు, ఇతని సంగతి ఎవరూ ఎత్తరు.

కంపెనీ కోసం నేను కన్నీళ్లు పెట్టుకోను లెండి. మన దేశం నుంచి వెళ్లిన ఇరుగుడు, నల్లచెక్క పలకల విషయంలో అమెరికా అధికారులు 2011లో గిబ్సన్ కర్మాగారాలనే సోదా చేశారు. 2012లో మూడు లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకొని వాళ్లు బయటపడ్డారు. పెద్ద పేరు ఉన్నవాళ్లంతా మడి కట్టుకున్నవాళ్లు కారు. అయినా మీరు అమ్మబోయేది గిబ్సన్ కంపెనీకి కాదు. గాజువాక పెద్దాయనకు.

ఇక మీ ఆవిడతో నా పేచీ. నకలని చెప్పి అమ్మమన్నారు ఆవిడ, మంచి మాట. కానీ మీరు చెప్పిన నిజం ఆ పెద్దాయన చెవి దాకానే వెళుతుంది. గిటారు అంతకంటే దూరం వెళుతుంది. మూడో చేతికి, నాలుగో చేతికి మారేటప్పుడు మీ మాట దాని వెంట ఉండదు, తల మీది పేరు ఉంటుంది. అందుకని చెప్పడం ఒక్కటే చాలదు. పేరు తీసేసి అమ్మండి. అంతవరకు మీ ఫొటోలు తీసెయ్యండి, ఈ రోజే.

పేరు తీస్తే విలువ పోతుందని మీరు బాధపడతారు కనుక ఒక ముచ్చట చెబుతాను. ఫెండర్ వాళ్లు 1950లో ఒక గిటారుకు బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెట్టారు. డ్రమ్ములు చేసే గ్రెచ్ కంపెనీ, దాదాపు అదే పేరుతో మా డ్రమ్ములున్నాయి, ఆపమంది. కొత్త పేరు తట్టే లోపల పని ఆపడం ఇష్టం లేక, ఫెండర్ వాళ్లు తల మీద అతికించే స్టిక్కరులోంచి ఆ మాట కత్తిరించేసి, ఉత్త ఫెండర్ అన్న పేరుతో గిటార్లు పంపారు. 1951లో టెలికాస్టర్ అనే పేరు కుదిరింది. మధ్యలో కొన్ని నెలల పాటు మోడలు పేరు లేకుండా వెళ్లిన ఆ గిటార్లను ఇప్పుడు 'నోకాస్టర్' అంటారు, సేకరణకర్తలు వాటి కోసం ఆస్తులు రాసిస్తారు. కత్తెర పడ్డా గిటారు పలకడం మానలేదు. మీది అంత ధర పలుకుతుందని చెప్పడం లేదు, ఆశపడకండి.

పని పెద్దది కాదు. వాయిద్యాలు బాగుచేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. తల ముందు భాగం అరగదీసి పలచని చెక్క పొర అతికించి నల్ల రంగు వేస్తారు. తల కొసన ఉన్న పుస్తకం అంచు ఆకారాన్ని కూడా కొంచెం రాయించి మార్చమనండి, దావా పడింది దాని మీదే. వెనక సంఖ్యను, అమెరికా ముద్రను పూడ్పించండి. వెనక మూత విప్పితే వైర్ల పక్కన చోటుంటుంది, అక్కడ చెరగని సిరాతో నకలని, కొన్న సంవత్సరాన్ని రాయండి. మోడలు పేరున్న ఆ గంట మూతను తిరగేసి బిగిస్తే సరిపోతుంది. మూడు స్క్రూలనూ అలాగే ఉంచండి, తెలిసినవాళ్లు లెక్కపెట్టుకుంటారు.

ధర మాట. మీ ఆవిడ ఇరవై అన్నారు, నాకు అది కూడా ఎక్కువే అనిపిస్తోంది. మన సముద్రపు గాలికి చవక లోహం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర లేదు. ఫొటోలో తీగలను మోసే లోహపు బ్రిడ్జి మీద మచ్చలు కనిపిస్తున్నాయి. గిబ్సన్ వాళ్ల సొంత చవక బ్రాండు ఎపిఫోన్, ఫెండర్ వాళ్లది స్క్వయర్. నిజాయితీగా తమ పేరుతోనే వచ్చే అలాంటి పాత గిటార్లతో మీది పోటీ పడాలి. 12,000 నుంచి 15,000 మధ్య అడగండి.

పెద్దాయనకు మెసేజీ పెట్టవద్దు, ఫోను చేయండి. 'మీరు గిబ్సన్ అనుకొని ఆ ధర చెప్పినట్టున్నారు, అది గిబ్సన్ కాదండి, నకలు, ముందే చెప్పాల్సింది' అనండి. ఇంతకంటే పొడుగ్గా చెబితే సాకులా ఉంటుంది. ఆయన కోప్పడితే వినండి. కొననంటే సరేననండి, 24,000లో సగం దిగమింగండి. ఆరేళ్ల పెళ్లిళ్ల సంపాదనలో అది ఎప్పుడో తిరిగి వచ్చి ఉంటుంది. కొంటానంటే ఒక కాగితం మీద 'కంపెనీ పేరు లేని నకలు గిటారు' అని, ధర, తేదీ రాసి ఇద్దరూ సంతకం చేసి చెరొకటి ఉంచుకోండి. ఆ అబ్బాయిని వెంట తీసుకురమ్మనండి, ఒకసారి వాడి చేత వాయించి చూపించండి.

ఇచ్చే ముందు తీగలు మార్చండి. పాతవి తుప్పు పట్టి ఉంటాయి, నేర్చుకునేవాడి వేళ్లు కోస్తాయి.